మాట మర్యాద క్లాసుకి 8 వారాలు వెళ్లాను – గుంటూరు నుంచి నా రివ్యూ

పోయిన ఎనిమిది ఆదివారాలు అసర్ (సాయంత్రం పూట) నమాజు అవగానే మెడికల్ షాపు మా వారికి వదిలేసి, పొన్నూరు రోడ్డు వైపు ఉన్న ఒక మసీదు పై అంతస్తులో జరిగే క్లాసుకి వెళ్లాను. "ఇస్లాంలో మాట మర్యాద" అని పాంప్లెట్ మీద వేశారు. అసర్ నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) దాకా, అంటే గంటన్నర లోపే. ఫీజు మొత్తం 500 రూపాయలు, అందులోనే టీ, వారానికో ప్రింటు కాగితం. మసీదు పేరు రాయడం లేదు, నిర్వాహకులే వద్దన్నారు, ఉన్నది 40 మందికి సరిపోయే గది, ఇప్పటికే జనం ఎక్కువయ్యారట. మా అందరిలో ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ మధ్యలో మానలేదు, అది మాత్రం చెప్పగలను.

ఎందుకు వెళ్లానో చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. మా పాపకి ఏడేళ్లు. ఒకరోజు ఇంట్లో పేస్టు డబ్బాలు, ఖాళీ సిరప్ సీసాలు పేర్చుకుని మెడికల్ షాపు ఆట ఆడుకుంటోంది. కొనడానికి వచ్చింది వాళ్ల తమ్ముడు. వాడు చేయి చాపగానే ఇది తల కూడా ఎత్తకుండా "చిల్లర ఉందా? లేకపోతే పక్కకి జరుగు, వెనకాల మనుషులున్నారు" అంది. గొంతు నాదే, విసుగు కూడా నాదే, ఆఖరికి పెన్నుతో బల్ల మీద కొట్టడం కూడా నాదే. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను అయిదు పూటలా నమాజు చదువుతాను, రంజాన్‌లో ఉపవాసాలు విడవను, జకాత్ (పేదలకి తప్పనిసరిగా ఇచ్చే దానం) లెక్క వేసి ఇస్తాం, కానీ నా బిడ్డ నన్ను చూసి నేర్చుకుంది ఇదా అనిపించింది. ఆ వారమే పాంప్లెట్ చేతికొచ్చింది.

ఇంకో కారణం భాష. మాది నూర్‌బాషా కుటుంబం, దూదేకులవాళ్లం అంటారు కదా, మా ఇంట్లో తాతల నాటి నుంచీ మాట్లాడేది తెలుగే. బయాన్లు (మత ప్రసంగాలు) ఎక్కువగా ఉర్దూలో జరుగుతాయి, నాకు సగం అర్థమవుతుంది, మిగతా సగానికి పక్కన కూర్చున్నవాళ్ల మొహం చూసి తల ఊపుతాను. ఈ క్లాసు మొత్తం తెలుగులో పెట్టారు. క్లాసు చెప్పే మౌలానా గారిది ప్రకాశం జిల్లా యాస, ఖురాన్ ఆయతు (వాక్యం) అరబీలో చదివి, దాని అర్థం మన ఇళ్లల్లో మాట్లాడే మాటల్లో చెప్తారు. మాట గురించి నేర్పేటప్పుడు మనం రోజూ మాట్లాడే భాషలో నేర్పకపోతే ఎలా అంటుకుంటుంది? అందుకే ఈ క్లాసుకి నేను ఇచ్చే మార్కుల్లో సగం దీనికే.

మొదటి వారం మొత్తం సలాం మీదే. నేను కొంచెం నిరాశ పడ్డాను, చిన్నప్పుడే నేర్చుకున్నది మళ్లీ ఏముందిలే అని. ఆయన ఒక్కొక్కర్నీ సలాం చెప్పమన్నారు. అందరం "సామలేకుం" అని గబగబా మింగేశాం. మళ్లీ చెప్పమన్నారు, నిదానంగా, ఎదుటి మనిషి మీద శాంతి ఉండాలని కోరుకుంటున్నట్టు. అస్సలాము అలైకుం. మీకు ఎవరైనా సలాం చేస్తే దానికంటే మంచిగా, కనీసం దానితో సమానంగానైనా జవాబు ఇవ్వండని ఖురాన్‌లో సూరా (అధ్యాయం) నిసాలో 86వ ఆయతు ఉంది, అది చదివి, మనం బండి మీద పోతూ గడ్డం ఒకసారి ఎగరేసి ఇచ్చే జవాబు ఇందులో దేని కిందికి వస్తుందో మీరే చెప్పండన్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనపై శాంతి కలగాలి) మాట్లాడితే కావాలనుకున్నవాళ్లు మాటలు లెక్కపెట్టుకునేంత నిదానంగా ఉండేదని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (ర, అంటే అల్లాహ్ ఆమెని మెచ్చుగాక) చెప్పిన హదీసు, అంటే ప్రవక్త మాటలు, నడవడి గురించిన కథనం, బుఖారీ అనే గ్రంథంలో ఉంది. నేను షాపులో మందు ఎలా వేసుకోవాలో చెప్పే స్పీడు గుర్తొచ్చింది. పొద్దున ఒకటి రాత్రి ఒకటి తిన్నాక, అయిపోయింది, తర్వాతి మనిషి. పెద్దవాళ్లు రెండోసారి అడిగితే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు నిదానంగా చెప్తున్నా, తిరిగి అడిగేవాళ్లే తగ్గారు.

రెండో వారం కాగితం నేను లామినేషన్ చేయించి కౌంటర్ లోపలి వైపు అంటించుకున్నాను. ఖురాన్‌లో మాటకి వేర్వేరు చోట్ల వచ్చిన విశేషణాలు అందులో ఉన్నాయి. ఖౌలన్ కరీమా, అంటే గౌరవమైన మాట, ఇది తల్లిదండ్రులతో. ఖౌలన్ లయ్యినా, మెత్తని మాట, ప్రవక్తలు మూసా, హారూన్ అలైహిమస్సలాంలని ఈజిప్టు రాజు ఫిరౌన్ దగ్గరికి పంపుతూ అల్లాహ్ చెప్పింది. ఖౌలన్ సదీదా, వంకర లేని సూటి మాట. ఖౌలన్ బలీగా, మనసుకి తగిలే మాట. ఖౌలన్ మారూఫా, నలుగురూ మంచిదని ఒప్పుకునే మాట. ఇంకొకటి ఖౌలన్ మైసూరా. ఫిరౌన్ దగ్గర మౌలానా గారు కాసేపు ఆగారు. అంతటి దుర్మార్గుడితో కూడా మెత్తగా మాట్లాడమని ఆజ్ఞ వచ్చింది, మీలో ఎవరూ మూసా కాదు, మీ ఎదురుగా నిలబడ్డ మనిషి ఫిరౌనూ కాదు, మరి ఆ గొంతెందుకు అన్నారు. మగవాళ్ల వైపు నుంచి కూడా ఒక్క మాట వినపడలేదు.

నాకు బాగా పని చేసింది మాత్రం ఖౌలన్ మైసూరా. సూరా ఇస్రాలో 28వ ఆయతు. అడిగినవాడికి ఇవ్వడానికి నీ దగ్గర ఇప్పుడు ఏమీ లేక, ప్రభువు దయ కోసం నువ్వే ఎదురుచూస్తూ వాళ్లని తిప్పి పంపాల్సి వస్తే, కనీసం మెత్తగా, వాళ్లకి భారం కాకుండా ఒక మాట చెప్పు అని. లేదు అని చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మెడికల్ షాపు నడిపేవాళ్లకి ఈ ఆయతు ఎంత అవసరమో ఒక్క రోజు కౌంటర్‌లో నిలబడితే తెలుస్తుంది. మేం తెలిసినవాళ్లకి అరువు ఇస్తాం, కానీ దానికో హద్దు పెట్టుకోకపోతే డిస్ట్రిబ్యూటర్‌కి కట్టలేం.

మా దగ్గరికి ఒక పెద్దాయన వస్తాడు, బీపీ బిళ్ళల కోసం. పాత బాకీ ఉంది. ఇంతకు ముందైతే ఆయన మెట్టు ఎక్కుతుంటేనే "పాతది కట్టాకే కొత్తది" అనేసేదాన్ని, కంప్యూటర్‌లోంచి తల తిప్పకుండా. తల తిప్పకపోవడం కూడా తప్పేనని ఆ వారమే విన్నాను. ఖురాన్‌లో వచ్చే జ్ఞాని లుక్మాన్ తన కొడుక్కి చెప్పిన మాటల్లో జనం నుంచి గర్వంగా మొహం తిప్పుకోకు అని ఉంది, ఆ వెంటనే గొంతు తగ్గించు, అన్నిటికంటే వినలేని గొంతు గాడిద గొంతు అని ఉంది. సరే, ఆ మంగళవారం పెద్దాయన వచ్చాడు. నేను స్టూలు మీంచి లేచాను. "పెద్దాయనా, ఇవాళ అరువు ఇవ్వలేని పరిస్థితి, మీ దగ్గర ఎంతుంది?" అన్నాను. జేబులోంచి తీసి లెక్కపెట్టాడు, నాలుగు బిళ్ళలకి సరిపోతాయి. స్ట్రిప్ కత్తిరించి, మందు పేరూ ఎక్స్‌పైరీ ఉన్న ముక్క కూడా కవర్లో వేసి, "ఇవి శుక్రవారం దాకా వస్తాయి, బీపీ బిళ్ళలు పెద్దాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, చీటీ తీసుకుని పొద్దున్నే వెళ్లండి, మధ్యలో మాత్రం ఆపకండి" అని చెప్పాను. ఆయన కవరు జేబులో పెట్టుకుని, వెళ్లబోతూ ఆగి, "చీటీ ఎక్కడ రాస్తారమ్మా?" అని అడిగాడు. అంతకు ముందు రెండేళ్లలో ఆయన నన్ను ఏదీ అడిగింది లేదు. అడిగే ధైర్యం నేను ఇవ్వలేదని అర్థమైంది. ఇచ్చిన బిళ్ళలు నాలుగే, అరువు కూడా ఇవ్వలేదు, అయినా ఆ రోజు నా మనసు నిండుగా ఉంది.

మూడో వారం తల్లిదండ్రులు. "ఉఫ్" అని కూడా అనకండి అనే ఆయతు అందరికీ తెలిసిందే, ఇస్రా 23. అయితే ఇక్కడ అడిగిన ప్రశ్న నాకు కొత్త. తెలుగులో ఉఫ్ అంటే ఏంటి? మనం ఎవరం ఉఫ్ అనం కదా. బోర్డు మీద రాయమన్నారు. ఒకావిడ "అబ్బా" అంది. ఇంకొకరు "అబ్బబ్బ". తర్వాత ఒకటొకటే వచ్చాయి. "ఊరుకోమ్మా." "నీకు తెలీదులే." "ఎన్నిసార్లు చెప్పాలి?" "ఇప్పుడే చెప్పాగా." "సర్లే సర్లే." ఒక కుర్రాడు అటువైపు నుంచి మాట్లాడకుండా పెదవి విరిచి చూపించాడట, అది కూడా రాశారు. నిట్టూర్పు రాశారు. ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అనడం రాశారు. బోర్డు నిండింది. పదేళ్లు దైవప్రవక్త (స) ఇంట్లో సేవ చేసిన అనస్ (ర), ఆ పదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నన్ను ఉఫ్ అనలేదు, చేసినదానికి ఎందుకు చేశావని గానీ చేయనిదానికి ఎందుకు చేయలేదని గానీ అనలేదు అని చెప్పుకున్నారు. పనిపిల్లవాడి సాక్ష్యం అది, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఇంటి లోపల మన మాట ఎలా ఉంటుందో చెప్పగలిగేది వాళ్లే కదా.

హోంవర్కు ఏంటంటే, వారం రోజులు ఒక చిన్న పుస్తకంలో మీ ఉఫ్‌లకి గీతలు పెట్టుకోండి, ఆపడానికి ప్రయత్నించకండి, లెక్క మాత్రం పెట్టండి. మా అమ్మ మోకాళ్ల నొప్పులకి చూపించుకోవడానికి బాపట్ల నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. మొదటి రోజు సాయంత్రానికి 14 గీతలు పడ్డాయి. అందులో 9 ఒకే విషయానికి, ఫోన్‌లో మా తమ్ముడి వీడియో కాల్ ఎలా ఎత్తాలో అడిగినందుకు. నాలుగో రోజు నుంచి గీత పెట్టాల్సి వస్తుందని నోరు దానంతటదే ఆగడం మొదలైంది. ఆదివారానికి 3. తర్వాత మళ్లీ పెరిగింది, అబద్ధం చెప్పను, పరీక్షల టైంలో పాపని చదివించేటప్పుడు అమ్మ మధ్యలో మాట్లాడితే రోజుకి అయిదారు పడుతున్నాయి. అమ్మకి ఈ పుస్తకం సంగతి చెప్పలేదు. కానీ ఒక రాత్రి కాళ్లకి నూనె రాస్తుంటే "ఏమ్మా, ఈ మధ్య ఒంట్లో బాగుంటోందా నీకు?" అని అడిగింది.

మారుపేర్ల వారం గురించి రాయకుండా ఉండలేను. సూరా హుజురాత్‌లో 18 ఆయతులే ఉన్నా, మాటకి సంబంధించిన రూల్స్ ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. 11వ ఆయతు ఒక వర్గం ఇంకో వర్గాన్ని ఎగతాళి చేయకూడదు, వాళ్లు వీళ్లకంటే మంచివాళ్లు కావచ్చు అంటుంది, ఆడవాళ్లకి వేరుగా మళ్లీ చెప్తుంది, ఆ తర్వాత ఒకరినొకరు చెడ్డ బిరుదులతో పిలుచుకోవద్దు అంటుంది. చిన్నప్పుడు స్కూల్లో మమ్మల్ని ఒకవైపు సాయిబులు అని వేరుగా కూర్చోబెట్టేవాళ్లు, ఇంకోవైపు ఉర్దూ మాట్లాడే పిల్లలు "ఉర్దూ రాదు, మీరేం ముసల్మాన్లు" అని నవ్వేవాళ్లు. దూదేకుల అనేది మా పెద్దలు చేసిన పని పేరు, దూది ఏకడం, అందులో తక్కువేం లేదు, కానీ దాన్ని తిట్టులా వాడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మౌలానా గారు ఈ మాట సూటిగా ఎత్తారు. ఈ గదిలో కూర్చున్నవాళ్లలోనే ఒకరినొకరు తక్కువ చేసి పిలిచినవాళ్లు ఉన్నారు, ముందు మీరు అలా పిలిచినవాళ్లని క్షమించమని అడగండి అన్నారు. మసీదులో ఈ మాట ఒకరి నోట వినడం నాకు ఇదే మొదటిసారి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనున్న ఆపా (అక్క) ఏమీ అనకుండా తన వాటర్ బాటిల్ నా వైపు జరిపింది.

అయితే బాధపడి ఊరుకుంటే సరిపోదు కదా, ఇంటికొచ్చాక మా అరువు పుస్తకం తీశాను. "కుంటి భాయ్ – 140." "నత్తాయన – 85." "బండ ఆంటీ, రెండో సందు – 310." ఇవన్నీ నా చేతిరాత. గుర్తు కోసం రాసుకున్నవే, ఎవరికీ వినపడేలా పిలవలేదు, కానీ వాళ్లలో ఒకరు బిల్లు కట్టేటప్పుడు ఆ పేజీ చూసి ఉండొచ్చు. తర్వాతి వారం దీని గురించే అడిగాను. హదీసులు చెప్పినవాళ్లలోనే కుంటివాడు అనే అర్థంతో అల్ అరజ్ అనీ, కంటి జబ్బు మీద అల్ అఅమష్ అనీ పేరుపడ్డవాళ్లు ఉన్నారు, వేరే పేరుతో జనం గుర్తుపట్టలేనప్పుడు, తక్కువ చేసే ఉద్దేశం లేకుండా వాడితే పండితులు ఒప్పుకున్నారు, కానీ నీకు అడిగి పేరు రాసుకునే అవకాశం ఉంది కదమ్మా అన్నారు. అడిగాను. మొదటాయన తన పేరు ఇంటిపేరుతో సహా రెండుసార్లు చెప్పి, నేను రాస్తుంటే కౌంటర్ మీదకి వంగి పుస్తకంలోకి చూశాడు, స్పెల్లింగ్ సరిచేయించాడు కూడా. రెండేళ్లుగా వస్తున్న మనిషి.

గీబత్, అంటే మనిషి లేనప్పుడు వాళ్ల గురించి చెడుగా మాట్లాడటం, దాని గురించి రెండు వారాలు తీసుకున్నారు. తీసుకోవాల్సిందే. మనందరి దగ్గరా ఒక సాకు ఉంటుంది, "నేనేమన్నా లేనిది చెప్పానా?" అని. దైవప్రవక్త (స)ని సహాబాలు, అంటే ఆయన అనుచరులు, సరిగ్గా ఇదే అడిగారు. మనం చెప్పింది ఆ మనిషిలో నిజంగా ఉంటే? ఉంటేనే అది గీబత్, లేకపోతే అది అపనింద అని జవాబు వచ్చింది, ముస్లిం గ్రంథంలో హదీసు. అంటే నా సాకే నా నేరానికి రుజువు. హజ్రత్ ఆయిషా (ర) ఇంకో భార్య సఫియ్యా (ర) పొట్టి అన్నట్టుగా ఒక మాట అంటే, నువ్వన్న మాట సముద్రంలో కలిపితే సముద్రం కూడా పాడవుతుంది అని దైవప్రవక్త (స) అన్నారట. ఒక్క పొడుగు పొట్టి మాటకే ఇంత. మా ఇళ్లల్లో పెళ్లి చూపులు అయ్యాక ఆటోలో కూర్చుని మాట్లాడుకునేది గుర్తు చేసుకోండి.

ఈ క్లాసులో నేను లేచి అడిగిన ప్రశ్న, మరి రివ్యూలు రాయొచ్చా అని. నాకు ఆన్‌లైన్‌లో రివ్యూలు రాసే అలవాటు ఉంది, మీకు తెలుసు. జవాబు వివరంగా చెప్పారు. నిసా 148వ ఆయతులో, చెడ్డ మాటని బహిరంగంగా అనడం అల్లాహ్‌కి ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవాడు తప్ప అని ఉంది. 13వ శతాబ్దంలో హదీసు పండితుడు ఇమామ్ నవవీ గీబత్ కాని సందర్భాలు ఆరు చెప్పారు, అన్యాయం జరిగితే ఫిర్యాదు చేయడం, చెడుని ఆపడానికి సాయం అడగడం, మత తీర్పు కోసం విషయం చెప్పడం, ఇతరులు మోసపోకుండా హెచ్చరించడం, బాహాటంగా పాపం చేసేవాడి ఆ పనిని చెప్పడం, ఇందాక చెప్పిన గుర్తింపు కోసం వాడే పేరు. రివ్యూ ఇందులో ఫిర్యాదు, హెచ్చరిక కిందికి వస్తుంది. హద్దు ఏంటంటే జరిగింది చెప్పు, మనిషిని తిట్టకు, నీకు తెలియని ఉద్దేశాలు అంటగట్టకు.

ఇంటికి వచ్చి నా పాత రివ్యూలు చదువుకున్నాను. ఒక కూలర్ రిపేరు షాపుకి పోయిన వేసవిలో రాసింది ఇలా ఉంది: "పచ్చి దొంగలు, బుద్ధీ జ్ఞానం లేని మనుషులు, వీళ్ల దగ్గరికి వెళ్తే మీ ఖర్మ." మోటారు పోయింది వాళ్ల దొంగతనం వల్లో, స్పేర్ పార్టే చెడ్డదో నాకు తెలీదు. అంటే దొంగలు అనేది నేను రుజువు చేయలేని మాట. దాన్ని తీసేసి ఇలా మార్చాను: "మే నెలలో మోటారు మార్చి 1,400 తీసుకున్నారు. మూడో రోజు ఆగిపోయింది. రెండుసార్లు ఫోన్ చేస్తే వస్తామని రాలేదు, మూడోసారి ఎత్తలేదు. బిల్లు ఇవ్వలేదు." స్టారు ఒక్కటే ఉంచాను, అది మార్చాల్సిన అవసరం కనపడలేదు. ఇప్పుడు చదివితే మొదటిదాని కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది, వెళ్లబోయేవాళ్లకి కనీసం బిల్లు అడగాలని తెలుస్తుంది.

ఒట్ల గురించి చెప్పింది షాపులవాళ్లు అందరూ వినాలి. అమ్మతోడు, పిల్లల మీద ఒట్టు, ఇవి మన నోట్లో ఎంత నలిగిపోయాయంటే అది ఒట్టు అని కూడా అనిపించదు. అల్లాహ్ మీద తప్ప ఇంకెవరి మీదా ప్రమాణం చేయకూడదు, అది కూడా సరుకు అమ్ముకోవడానికి చేస్తే సరుకు అమ్ముడవుతుంది గానీ బర్కత్ (అందులోని శుభం) పోతుందని హదీసు. "అమ్మతోడు, నాకే ఆ రేటు పడింది" అనే మాట నేను కూడా వాడాను, గ్లూకోమీటర్లు అమ్మేటప్పుడు. మానేశాను.

విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు అవడానికి చాలు అనే హదీసు, వార్త వస్తే నిజానిజాలు చూసుకోమనే హుజురాత్ 6వ ఆయతు, ముగ్గురు ఉన్నప్పుడు ఇద్దరు గుసగుసలాడొద్దనేది, ఇంటి ముందు అనుమతి అడగడం, ఇవన్నీ ఆఖరి వారంలో కుక్కేశారు. నాకు ఇది నచ్చలేదు. వాట్సాప్ ఫార్వర్డులకి, ఫ్యామిలీ గ్రూపుల్లో జరిగే గొడవలకి ఒక వారం మొత్తం కావాలి. మన టెన్షన్లలో సగం అక్కడి నుంచే వస్తున్నాయి. సలాం మీద వారం మొత్తం తీసుకుని దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వడం సరైన పంపకం కాదు.

మిగతా లోపాలు కూడా చెప్పాలి, ఖౌలన్ సదీదా అన్నారు కాబట్టి. ఆడవాళ్ల వైపు తెర ఉంటుంది, అది సరే, కానీ బోర్డు కనపడదు. బోర్డు ఫోటో గ్రూపులో పెడతామన్నారు, మూడుసార్లు మర్నాడు సాయంత్రానికి వచ్చింది, ఒకసారి రానేలేదు. స్పీకరు మా వైపు ఒకటే, అది కూడా ఫ్యాను కింద, గాలి చప్పుడులో సగం మాటలు పోయేవి. ప్రశ్నలు అడిగే టైం వస్తే ముందు మగవాళ్ల వైపే తీసుకునేవాళ్లు, మా వంతు వచ్చేసరికి మగ్రిబ్ అజాన్ వచ్చేసేది. ఇది నాలుగో వారం ఒకావిడ చీటీ మీద రాసి పంపితే, అయిదో వారం నుంచి మా చీటీలే ముందు చదివారు. చెప్తే వింటారు, అది మెచ్చుకోవాలి. ఆరో వారం మౌలానా గారు ఊళ్లో లేక వేరే ఆయన వచ్చి మొత్తం ఉర్దూలో చెప్పారు, తెలుగు అని చెప్పి 500 తీసుకున్నప్పుడు అలా చేయకూడదు. చిన్నపిల్లల్ని తెచ్చుకున్న తల్లులకి విడిగా చోటు లేదు.

ఇంకో విషయం నాకు నమ్మకం కలిగించింది. రెండో వారం కాగితంలో మూడు నాలుగు సూక్తులకి ఏ హదీసు గ్రంథంలో ఉందో రాయలేదు. ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది. మౌలానా గారు, చూసి చెప్తానమ్మా అన్నారు. తర్వాతి వారం వచ్చి, ఇందులో రెండింటికి నాకు నమ్మదగిన ఆధారం దొరకలేదు, పెన్ను తీసి కొట్టేయండి అని అందరి చేతా కొట్టేయించారు. అడిగిన అమ్మాయి కోసం దుఆ (ప్రార్థన) చేశారు. 40 మంది ముందు తన కాగితంలో తప్పుందని ఒప్పుకోవడం నేను ఎంతమంది దగ్గర చూశానో ఆలోచిస్తే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎవరు వెళ్లాలి అంటే, రోజంతా జనంతో మాట్లాడే పని చేసేవాళ్లు, కౌంటర్లు, ఆటోలు, ఆసుపత్రి రిసెప్షన్లు, టీచర్లు. ముస్లింలే కానక్కర్లేదు, మా బ్యాచ్‌లో మా వీధి ట్యూషన్ టీచరమ్మ వచ్చింది, హిందువు, ఆమెని ఎవరూ వేరుగా చూడలేదు. ప్రజలతో మంచి మాట మాట్లాడండి అనే బఖరా 83వ ఆయతులో ఉన్న మాట నాస్, అంటే మనుషులు, మతం చూసి కాదు అని మొదటి రోజే చెప్పారు. అరబీ రాకపోయినా ఇబ్బంది లేదు. ఫిఖా (మత ధర్మశాస్త్రం) చర్చలు, పెద్ద పెద్ద వాదనలు ఆశించి వెళ్తే మాత్రం మీకు సరిపడదు.

నా రేటింగ్ 5కి 4. ఒకటి తగ్గించింది ఆఖరి వారానికి, ఆ ఉర్దూ రోజుకి కలిపి. స్పీకరు సంగతి మార్చేస్తే అదే చాలు.

తర్వాతి బ్యాచ్ రంజాన్ తర్వాత అన్నారు. అమ్మ కూడా వస్తానంటోంది, కానీ పై అంతస్తుకి 22 మెట్లు, ఆమె మోకాళ్లకి అయ్యే పని కాదు. కింద వుజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసే చోటు పక్కన ఒక గది ఖాళీగా ఉంటుంది, పెద్దవాళ్ల కోసం అక్కడ పెట్టగలరా అని చీటీ రాసి ఇచ్చి వచ్చాను. ఇంకా జవాబు రాలేదు, వస్తే ఇక్కడే కింద రాస్తాను.